ఇంకొక్క పొర

ఆ వానాకాలం మా ఇంట్లో రెండు జరిగాయి. నా కుడి తుంటి కీలు తీసేసి కొత్తది పెట్టారు. మా ఆయన నన్ను పోల్చుకోవడం మానేశాడు. మతిమరుపేమో అనుకునేరు, అదేం కాదు. ఆయన బుర్ర అప్పుడూ ఇప్పుడూ పాదరసమే. పక్కింటి గడియారం రెండు నిమిషాలు వెనకబడితే మా ఇంట్లో కూర్చుని చెప్పేస్తాడు.

నేను ఇరవయ్యారేళ్ళు బస్సు కండక్టరుగా చేశాను. కుడి తుంటిని సీటు కమ్మీకి ఆనించి, బస్సు ఎటు ఊగితే అటు ఊగుతూ టికెట్లు చింపినదాన్ని. పోనుపోను ఆ కీలు అరిగి కుడికాలు అర అంగుళం పొట్టిదైపోయింది. నడిస్తే ఎడమపాదం టక్కున పడేది, కుడిది జర్రున ఈడ్చుకుంటూ వచ్చేది. టక్, జర్ర్. టక్, జర్ర్. ప్రయాణికులు ముఖం మీద మేడమ్ అనేవాళ్ళు, వీపు వెనక కుంటి కండక్టరు అనేవాళ్ళు. వీపుకి కూడా చెవులుంటాయని వాళ్ళకి తెలీదు.

మా ఆయనది గడియారాల పని. చూపు పోయాక చేతి గడియారాలు వదిలేశాడు గానీ, పెండ్యులం ఉన్న పాత గోడ గడియారాలు మాత్రం ఇంకా తీసుకుంటాడు. వేళ్ళతో విప్పుతాడు, చెవితో సరిచేస్తాడు. గడియారం నడక తప్పితే, అంటే టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమంగా లేకపోతే, దాన్ని బల్ల మీద నిలబెట్టి, కింద ఒక పక్కన పల్చటి తోలుపొర పెడతాడు. చెవి ఆనించి వింటాడు. చాలకపోతే ఇంకొక పొర పెడతాడు. పాత బెల్టుల్లోంచి చెక్కిన ఆ పొరలు ఒక డబ్బా నిండా ఉంటాయి. నడక కుదిరేదాకా అన్నం కూడా ముట్టడు.

నాకు కుంటు మొదలై అప్పటికి పదేళ్ళు. ఆయనకి చూపు పోయి ఎనిమిదేళ్ళు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఆపరేషన్‌కి రెండు వారాల ముందు ఆస్పత్రివాళ్ళు ఒక కాయితం చేతిలో పెట్టారు. నేల మీద పట్టాలన్నీ తీసేయాలి, కాలికి అడ్డం పడతాయి. మంచం, కుర్చీ ఎత్తు పెంచాలి, కూర్చుంటే మోకాలు తుంటికంటే పైకి రాకూడదు. స్నానాలగది గోడకి కమ్మీ బిగించాలి. రోజూ వాడే సామానంతా నడుమెత్తులోకి తేవాలి. వంగకూడదు. కాలు మీద కాలు వేయకూడదు. పాదం లోపలికి తిప్పకూడదు. తిప్పితే కొత్త కీలు గూట్లోంచి జారిపోతుంది.

సాయానికి మా వదిన వచ్చింది, ఆయన అక్కయ్య. డెబ్బై దాటినా మనిషి గట్టిది, చెవులే పనిచేయవు. తమ్ముడికి కళ్ళు, అక్కకి చెవులు, నాకు కాలు. ముగ్గురం కలిస్తే ఒక మనిషికి సరిపడా సామాను ఉందని నేనే నవ్వించాను. వదిన వచ్చీ రాగానే ఇల్లు తలకిందులు చేసింది. ఒక పక్క వడ్రంగి మంచం కోళ్ళ కింద దిమ్మలు బిగిస్తుంటే, ఇంకో పక్క ఈవిడ బీరువాలు జరుపుతోంది.

"ఆ బల్ల ఎక్కడికి పోతోందక్కా?" అని ఆయన ముందుగదిలోంచి కేకేశాడు. ఆవిడకి వినపడితేగా. ముందుగది నుంచి వంటింటికి తొమ్మిది అడుగులని ఆయన లెక్క. లెక్క ప్రకారమే బయల్దేరాడు. ఆరో అడుగులో ఎత్తు కుర్చీ మోకాలికి ఠపీమని తగిలింది.

"చూసుకుని నడవచ్చుగా!" అని నోరు జారాను.

"నేను చూసుకునే నడిచాను. కుర్చీయే చూసుకోలేదు," అన్నాడు మోకాలు రుద్దుకుంటూ. "నీకోసం సర్దుతుంటే ఈ ఇల్లు నాది కాకుండా పోతోందే," అన్నాడు.

"రెణ్ణెల్లు ఓపిక పట్టండి. మళ్ళీ మామూలుగా నడుస్తాను."

"ఇప్పుడు మామూలుగానే నడుస్తున్నావుగా?"

నేను పకపకా నవ్వాను. పదేళ్ళుగా నొప్పి బిళ్ళలు మింగుతున్నదాన్ని, మెట్టు మెట్టుకీ దేవుణ్ణి తిట్టుకుంటున్నదాన్ని, మామూలుగా నడుస్తున్నానట. ఆయన నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఆ రోజు నాకు బుర్రకెక్కలేదు.

ఆపరేషన్ అయిన నాలుగు రోజులకి ఆస్పత్రి నుంచి పంపించేశారు. వాకర్ పట్టుకుని గుమ్మం దాటేసరికి ఆయన తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బండి తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నా. ఎక్కుతానంటే టికెట్ కొనాలి."

ఇద్దరం నవ్వుకున్నాం. వాకర్ ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. దాని నాలుగు కాళ్ళ చప్పుడులో నా రెండు కాళ్ళ చప్పుడు కలిసిపోయేది. పొద్దున వదిన పొడుగాటి గరిటెలాంటిదేదో పెట్టి నాకు చెప్పులు తొడిగేది. ఆస్పత్రిలో ఇచ్చిన మడమ మూసిన చెప్పులు అవి, పైన అంటుకునే పట్టీ, కింద జారని రబ్బరు. అవి లేకుండా అడుగు తీసి అడుగు వేయొద్దని కాయితంలో గీత గీసి మరీ రాశారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాటిని విప్పి, పడకగది బయట నడవాలో స్టూలు మీద పెట్టేది. నేను కాళ్ళ మధ్య దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకునేదాన్ని. పక్కమంచం మీద వదిన గుర్రు. నడవా మీద రేకుల కప్పు, దాని మీద వాన.

వానంటే మా ఆయనకి పడదు. రేకుల మీద వాన పడుతుంటే ఇంట్లో ఇంకేం వినపడదు, ఆయనకి చూపు రెండోసారి పోయినట్టే.

ఫిజియో అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. మడమ నొక్కండి, తొడ బిగించండి, పది లెక్కపెట్టండి. చిన్నపిల్లేగానీ నా మీద డిపో మేనేజరులా అజమాయిషీ చేసేది. మూడో వారం ఒక పొద్దున వాకర్ తీసి గోడకి ఆనించేసింది.

"నా వేలు పట్టుకోండి చాలు, ఆంటీ."

వంటింటి గుమ్మం నుంచి ముందుగది దాకా నడిచాను. టక్, టక్, టక్, టక్. నొప్పి లేదు. పదేళ్ళ తర్వాత నొప్పి లేని అడుగు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అమ్మాయి వేలు కూడా వదిలేశాను.

ముందుగదిలో ఆయన ఒక గడియారం విప్పుకుని కూర్చున్నాడు. గుమ్మంలో నా అడుగు పడగానే ఆయన చేతులు ఆగిపోయాయి. దిగ్గున లేచాడు. పళ్ళెంలో ఉన్న మరలన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి.

"ఎవరది?"

"నేనేనండీ."

ఆయన ముఖం నా గొంతు వైపు తిరిగింది. తర్వాత కిందికి, నా పాదాల వైపు తిరిగింది. మళ్ళీ గొంతు వైపు. గదిలో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నట్టూ, ఇద్దరిలో ఎవరితో మాట్లాడాలో తెలీనట్టూ ఉంది ఆయన వాలకం.

"చూశారా అంకుల్, ఆంటీ ఎంత బాగా నడిచారో!" అని, ఆ అమ్మాయి వెంటనే నాలుక కరుచుకుంది.

"విన్నాను," అన్నాడు ఆయన. కూర్చోలేదు. నేను వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళేదాకా అలాగే గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

ఆ రోజు నుంచీ నేను కంచం తెచ్చి ముందు పెడితే చేయి చాపేవాడు కాదు. వదిన తెస్తే తినేవాడు. నేను గదిలోకి వస్తే చేతిలో పని ఆపి, నేను పోయేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండేవాడు. ముందుగదికి గడియ పెట్టుకోవడం కూడా మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ గడియ వేసిన పాపాన పోలేదు ఎవరూ.

ఒకరోజు తలుపు బాది తెరిపించాను. "ఏమైంది మీకు? నేనని తెలుసుగా?"

"తెలుసు."

"మరి?"

"తెలియడం వేరు," అన్నాడు. "నువ్వు మాట్లాడినంతసేపూ నువ్వే. లేచి నడిచావంటే నా మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయి. నీ గొంతు పెట్టుకుని ఎవరో తిరుగుతున్నారు ఇంట్లో. నేనేం చెయ్యను, అది నా చేతిలో ఉందా?"

"బావుంది! కాలు బాగుచేయించుకున్నందుకు పరాయిదాన్నయ్యానా?"

"అరవకు. అరిస్తే నువ్వే. అరుస్తూ కూర్చో, నడవకు."

నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది. నడవాలో నడుస్తుంటే నా వెనకాల ఎవరో తిన్నగా, చక్కగా నడుచుకుంటూ వస్తున్నట్టుండేది. నేనాగితే ఆగేది. కత్తి చూపించినవాణ్ణి కూడా కాలర్ పట్టుకుని బస్సు దింపినదాన్ని నేను. అలాంటిదాన్ని మా ఇంటి నడవాలో పట్టపగలు వెనక్కి తిరిగి చూసుకోవడం మొదలుపెట్టాను.

నాలుగో వారంలో నా ఎడమకాలు పెరగడం మొదలైంది.

నవ్వకండి. కోసిన కాలు కొన్నాళ్ళు పొడుగైనట్టు అనిపిస్తుందని, కండరాలు సర్దుకున్నాక అదే పోతుందని అమ్మాయి ముందే చెప్పింది. కానీ నాకు పొడుగవుతున్నది కోయని కాలు. రోజూ పొద్దున చెప్పులు తొడుక్కుని లేస్తే నిన్నటికంటే వెంట్రుకవాసి ఎక్కువ. పాదం కూడా లావెక్కుతోంది. చెప్పు పట్టీ బిగుసుకుపోతుంటే వదిన రోజుకింత వదులుచేసేది. "నీరు పట్టిందే అమ్మాయ్," అనేది. పడుకుని టేపుతో కొలిపించుకున్నాను. రెండు కాళ్ళూ సమానం. లేచి నిలబడితే కుడిపక్కకి ఒరుగుతున్నాను. పడుకుంటే ఒక లెక్క, లేస్తే ఒక లెక్క.

ఆ వారంలోనే మధ్యాహ్నాలు నడవాలో నడక వినిపించడం మొదలైంది.

టక్, జర్ర్. టక్, జర్ర్.

అది నా నడక. పదేళ్ళు మోసినదాన్ని, నాకు తెలీదా? నేను మంచం మీద వెల్లకిలా, కాళ్ళ మధ్య దిండుతో. నా నడక తలుపవతల నడవాలో. అటు చివరికి పోయింది, తిరిగింది, ఇటు వచ్చింది. వదినని పిలిచాను. గుర్రు తప్ప జవాబు లేదు.

"ఎవరది?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ అది ఆయన మాటని గుర్తురాలేదు. నడక ఆగిపోయింది.

సాయంత్రం టీ తాగుతూ ఆయన్ని అడిగాను. "మధ్యాహ్నం నడవాలో ఎవరన్నా నడిచారా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "నీకూ వినిపించిందా?"

"వినిపించింది."

"ఎలా ఉంది?"

"ఎలా ఉండడమేంటండీ?"

"నీదేనా? అచ్చంగా నీదేనా?"

"ఇంచుమించు నాదే," అన్నాను.

"ఇంచుమించు," అని గొణుక్కున్నాడు. ఆ మాట ఆయనకి నచ్చలేదు.

కానీ ఆ మర్నాటి నుంచీ మనిషి మారాడు. గడియ తీసేశాడు. నేను కంచం పెడితే తిన్నాడు. నా అడుగు వినపడితే తల వాల్చి, చెవి ఇటు పెట్టి, చిన్నగా నవ్వుకునేవాడు. "వస్తున్నావే. కొంచెం కొంచెంగా వస్తున్నావు," అనేవాడు.

"ఎక్కణ్ణుంచండీ?"

మళ్ళీ గడియారం మీదికి వంగేవాడు. నేను నడిచే తీరు నాకు తెలుస్తూనే ఉంది. ఎడమపాదం మళ్ళీ టక్కున పడుతోంది, కుడిది మళ్ళీ ఈడ్చుకొస్తోంది. సిగ్గువిడిచి చెబుతున్నాను, నాకు సంతోషంగానే ఉంది. కుంటు వెనక్కి వచ్చేకొద్దీ మొగుడు వెనక్కి వస్తున్నాడు. మధ్యాహ్నం నడవాలో తిరిగే ఆ పాతది, పొద్దున లేచేసరికి కొంచెం నాలోకి దూరుతోందనుకున్నాను. పగలు పూట, బుద్ధి ఉన్న మనిషిని, అలాగే అనుకున్నాను.

ఆరో వారంలో వంటింటి గడప దగ్గర తూలాను. ఎడమకాలు ముందే నేలకి తగిలింది, నేను లెక్కవేసుకున్నదానికంటే ముందే. కుడిపాదం లోపలికి మెలితిరిగింది. తలుపు పట్టుకోబట్టి పడలేదు. తుంటిలో సలుపు పాదం దాకా పాకింది. వదిన అరుపులకి పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. ఆస్పత్రికి తీసుకుపోయి ఎక్స్‌రే ఫోటో తీయించారు. కీలు గూట్లోనే ఉందన్నారు, ఓ చేతికర్ర ఇచ్చి పంపారు.

మర్నాడు పొద్దున ఫిజియో అమ్మాయి నన్ను అటూ ఇటూ నడిపించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఫోటోలో రెండు కాళ్ళూ సమంగా ఉన్నాయి ఆంటీ. మూడో వారంలో గుర్రంలా నడిచారు. ఇప్పుడు ఎందుకు కుంటుతున్నారు? పాత అలవాటా? మానుకోండి. ఇంకోసారి ఇలా తూలారంటే కీలు జారిపోతుంది. మళ్ళీ కోయాలి. రెండోసారి కోసింది మొదటిసారంత బాగా అతకదు. అప్పుడు ఆ వాకర్ జన్మకి వదలదు."

ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. తర్వాత ముందుగదిలోకి పోయాడు.

ఆ మధ్యాహ్నం వాన దంచికొట్టింది. రేకుల మీద డప్పులు వాయించినట్టుంది. ఆ హోరులో కూడా, సన్నగా, నేలకి దగ్గరగా వినిపించింది. టక్, జర్ర్.

చావో రేవో తేలిపోవాలనుకున్నాను. మోచేతుల మీద లేచి, కుడికాలు తిన్నగా చాపుకుని మంచం అంచుకి జరిగి, కర్ర అందుకుని నిలబడ్డాను. చెప్పులు బయట స్టూలు మీద ఉంటాయి. ఉత్తపాదాలతోనే తలుపు దాకా వెళ్ళి, సగం తెరిచాను.

స్టూలు మీద చెప్పులు లేవు.

మా ఆయన నడవాలో మోకాళ్ళ మీద ఉన్నాడు. నా చెప్పులు రెండూ చేతులకి తొడుక్కుని ఉన్నాడు. ఎడమది ఎత్తి టక్కున వేస్తున్నాడు. కుడిది జర్రున ఈడుస్తున్నాడు. అలా పాకుతూ నడవా చివరిదాకా పోయాడు, తిరిగాడు. వాన హోరులో వినడానికి చెవి నేలకి దించి, గడియారం నడక వినేటప్పుడు పెట్టే ముఖమే పెట్టి, నా వైపు వస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి వచ్చాక వినిపించింది. "రా. ఇంకొంచెం. రా."

నేను వెనక్కి అడుగు వేయలేకపోయాను. కుడిచేతి చెప్పు వచ్చి నా కాలివేళ్ళకి తగిలింది. ఆయన ఆగిపోయాడు. చెప్పులోంచి చేయి తీసి నా పాదం తడిమాడు. వేళ్ళు, మడమ, చీలమండ.

"చల్లగా ఉన్నాయే కాళ్ళు," అన్నాడు. "చెప్పుల్లేకుండా ఎందుకు లేచావు? జారితే?"

నేను కిందికి వంగకూడదు. ఆయన లేవలేదు. నేను నిలబడి, ఆయన నేల మీద, అలాగే మాట్లాడుకున్నాం.

"ఏం చేస్తున్నారు?"

"సరిచేస్తున్నాను."

"ఏది?"

ఆయన ఎడమ చెప్పు లోపలి అట్ట పైకెత్తి చూపించాడు. మడమ దగ్గర, ఒకదాని మీద ఒకటి, తోలుపొరలు. అంచులు ఎంత నున్నగా చెక్కాడంటే, చేత్తో తడిమినా తేడా తెలీదు.

"ఎన్ని పెట్టారు?"

"పదకొండు. రోజుకొకటి." మడమ దగ్గర వేలు ఆనించి, "ఇంకొక్క పొర. ఇంకొక్కటి పెడితే అచ్చం నువ్వే," అన్నాడు.

గోడకి ఆనుకున్నాను. "ఆ అమ్మాయి పొద్దున చెప్పింది వినలేదా మీరు? నేను పడితే మళ్ళీ కోయాలి. ఇంక లేవను."

"విన్నాను. అందుకే ఇంకొక్కటి అంటున్నాను. నడక సగంలో ఉంది కాబట్టి తూలావు. గడియారం కూడా అంతే, సగం సర్ది వదిలేస్తే ఆగిపోతుంది. పూర్తిగా కుదిరితే ఆగదు. పదేళ్ళు నడిచావు, ఎప్పుడైనా తూలావా?"

"నేను గడియారాన్నా?"

ఆయన ఎడమ చెప్పుని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"పదేళ్ళూ నొప్పితో నడిచానండీ," అన్నాను. "మీరు విన్న ఆ జర్ర్ ఉందే, అది నా ఏడుపు. పైకి ఏడవలేక కాలితో ఏడ్చాను. నొప్పేమో నాది, చప్పుడేమో మీదా?"

అప్పుడు ఆయన కూడా ఏడ్చాడు. నేల మీద కూర్చుని, నా చెప్పు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. "నాకు కళ్ళు పోయేనాటికే నువ్వు కుంటుతున్నావు. అంతకుముందు ఎలా నడిచేదానివో నేను చూశానే గానీ వినలేదు. విననిదాన్ని ఎలా పోల్చుకోమంటావు? ఈ చీకట్లో నాకు నువ్వంటే అదొక్కటే. అది ఆస్పత్రికి పోయింది, తిరిగి రాలేదు. ఎవరో వచ్చారు. భయమేస్తోందే నాకు."

కోపం ఎంత వచ్చిందో జాలీ అంతే వచ్చింది. అయినా ఒక్క మాటే అన్నాను. "తీసేయండి. అన్నీ."

జేబులోంచి చిన్న కత్తి తీశాడు. మొదటి పొర తీశాడు, రెండోది తీశాడు. అంత జాగ్రత్తగా పెట్టినవాడు అంత జాగ్రత్తగానే తీశాడు. పదకొండూ తీశాక, లోపల వేలుపెట్టి తుడిచి, అట్ట సర్ది, తనే నా కాళ్ళకి తొడిగాడు. పట్టీ బిగించాడు. నా ఎడమకాలు ఒక్క క్షణంలో తన పొడుగుకి తను వచ్చేసింది.

"నడుస్తాను, వినండి," అన్నాను.

"ఉండు. వాన తగ్గనీ."

ఆగాం. ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు, నేను కర్ర మీద భారం వేసి నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. రేకుల మీద చప్పుడు పల్చబడి, చుక్కలు లెక్కపెట్టగలిగేంత అయ్యాక, ఆయన చెయ్యి ఎత్తాడు.

నడవా చివరిదాకా నడిచాను. టక్, టక్, టక్. తిరిగొచ్చాను. ఆయన మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

"మళ్ళీ," అన్నాడు.

నడిచాను.

"మళ్ళీ."

ఎన్నిసార్లు నడిచానో తెలీదు. వదిన లేచి గుమ్మంలోకి వచ్చి, మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "వ్యాయామమా?" అని టీ పెట్టడానికి పోయింది. ఆఖరిసారి నేను దగ్గరికొచ్చి ఆగేసరికి ఆయన గోడ పట్టుకుని లేచాడు. మోకాళ్ళ మీద దుమ్ము దులుపుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. కొత్తవాళ్ళు వస్తే చేసినట్టే, తడుముకుంటూ ఎత్తు కుర్చీ దాకా పోయి, దాన్ని నా వైపు జరిపాడు.

"కూర్చోండి," అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. అందులో ఎగతాళి లేదు.

"మీరు ఇక్కడే ఉంటారా?" అని అడిగాడు.

నలభై ఏళ్ళలో ఆయన నన్ను మీరు అనడం అదే మొదటిసారి. "ఇంకెక్కడికి పోతానండీ?" అన్నాను.

"అయితే ఉండండి," అన్నాడు ఆయన.

ఇది జరిగి మూడేళ్ళయింది. నా కాలు దివ్యంగా ఉంది. కర్ర ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు, బస్సు కదులుతుండగా ఎక్కగలను. మా ఆయన నా అడుగు వింటే ఇప్పుడు ఉలిక్కిపడడు. నేను పెట్టింది తింటాడు, నాతో జోకులేస్తాడు, నా చేయి పట్టుకుని వీధిలోకి వస్తాడు. మీరనే పిలుస్తాడు. వచ్చినవాళ్ళు నవ్వుతారు, ముసలితనంలో పెళ్ళాం మీద గౌరవం పెరిగిందంటారు. అవునంటాను.

మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు మాత్రం ఒక్కోరోజు, "ఏమే, వచ్చావా?" అంటాడు. నేను పక్క మంచం మీదే ఉంటాను. పిలిచింది నన్ను కాదు కాబట్టి పలకను. కాసేపటికి, ఎవరో పలికినట్టే, నిద్రలోనే నవ్వుతాడు.